మ్యాపు గీసుకుంటున్న ఆటవికుడు

మంచం, చిన్న బల్ల, టైపురైటరు పోగా ఆ గదిలో మనిషి మసలడానికి మిగిలేది సన్నటి దారి. నేనూ మా అమ్మాయీ గుమ్మంలో నిలబడితే మా వెనకవాళ్లకి లోపల ఏముందో కనపడలేదు. ఒకప్పుడు ఇంటి వెనక వరండా అది. గోడలు పెట్టి గది చేశారు. టెక్సస్‌లో క్రాస్ ప్లెయిన్స్ అనే ఊళ్లో, 36వ నంబరు హైవే పక్కన, తెల్లరంగు వేసిన చెక్క ఇల్లు. డాలస్ నుంచి దాదాపు మూడు గంటల డ్రైవ్. ఊరి జనాభా వెయ్యి లోపే. అయినా ఏటా జూన్‌లో ఈ ఇల్లు చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో పాఠకులు వస్తారు. అమెరికన్ రచయిత రాబర్ట్ ఇ. హోవార్డ్, కోనన్ అనే ఆటవిక వీరుడి కథల్లో చాలా భాగం టైపు చేసింది ఇక్కడే. రాసే వాక్యాల్ని గట్టిగా అరుస్తూ టైపు కొట్టేవాడని, ఆ గొంతు పక్కిళ్లకి వినపడేదని ఇరుగుపొరుగు చెప్పుకునేవారు.

"ఇంత చిన్న గదిలోనా నాన్నా?" అంది మా అమ్మాయి.

కోనన్‌తో నా పరిచయం ముప్పై ఏళ్ల నాటిది. హైదరాబాద్‌లో చదువుకునే రోజుల్లో ఆదివారం అబిడ్స్‌కి వెళ్తే, మూసేసిన షాపుల ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచి ఉండేవి. అక్కడ దొరికింది, వెనక అట్ట లేని పేపర్‌బ్యాక్ ఒకటి. ముందు అట్ట మీద శవాల గుట్ట, దాని మీద కత్తి ఆనించి నిలబడ్డ కండల మనిషి, కాళ్ల దగ్గర ఒక ఆడమనిషి. హాస్టల్లో ఎవరికంటా పడకుండా ఆ అట్టకి న్యూస్‌పేపర్ చుట్టి చదివాను.

లోకానికి తెలిసిన కోనన్ ఆ అట్ట మీది మనిషే. 1966లో ఫ్రాంక్ ఫ్రజెట్టా వేసిన బొమ్మ అది. 1970లో మార్వెల్ వాళ్ల కామిక్స్ వచ్చాయి. 1982లో ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ సినిమా వచ్చింది. సినిమాలో కోనన్ చిన్నప్పుడే బానిసగా అమ్ముడుపోయి, పెద్ద చక్రాన్ని ఏళ్ల తరబడి తోసీ తోసీ కండలు పెంచుతాడు. తల్లిదండ్రుల్ని చంపినవాడి మీద పగ తీర్చుకుంటాడు. హోవార్డ్ కథల్లో ఆ చక్రమూ లేదు, ఆ బాల్యమూ లేదు, ఆ పగా లేదు. కానీ ఇప్పుడు ఎవరినడిగినా కోనన్ అంటే కండ ఎక్కువ, మాట తక్కువ, ఆలోచన అసలు లేనివాడు. వాణ్ని సృష్టించినవాడి గురించి కూడా అలాంటి అభిప్రాయమే స్థిరపడిపోయింది: అమ్మ కొంగు పట్టుకు తిరిగిన పిరికివాడు, తనకి లేని బలాన్ని కాగితం మీద కలగన్నవాడు అని. ఈ రెండూ తప్పని నా వాదన. కోనన్ పగటికల కాదు. చుట్టూ ఉన్న మనుషుల్ని కళ్లు విప్పార్చి చూసిన ఒక కుర్రవాడు, రాత మీదే బతకాలనుకుని, కష్టపడి తయారుచేసిన మనిషి.

మొదటి కథ దగ్గరే మొదలుపెడతాను. 'వియర్డ్ టేల్స్' పత్రిక 1932 డిసెంబర్ సంచికలో వచ్చింది. అందులో కోనన్ అప్పటికే అక్విలోనియా అనే దేశానికి రాజు. పాఠకుడికి అతను మొట్టమొదట కనపడేటప్పుడు ఏం చేస్తున్నాడు? యుద్ధం చేయడం లేదు. ఎవరి తలా నరకడం లేదు. దంతపు పని చేసిన రాతబల్ల ముందు కూర్చుని, బంగారు కలంతో జాగ్రత్తగా మ్యాపు గీస్తున్నాడు. ఆస్థానంలో ఉన్న మ్యాపుల్లో దక్షిణం, తూర్పు, పడమర బాగానే ఉన్నాయి గానీ ఉత్తరం మాత్రం తప్పులతడకగా ఉందట. అందుకని ఉత్తరపు దేశాల్ని తనే పూరిస్తున్నాడు. ఇదిగో సిమ్మేరియా, నేను పుట్టిన చోటు అని చూపిస్తాడు. పక్కనున్న స్నేహితుడు ప్రాస్పెరో మ్యాపులోకి తొంగిచూసి, దానికి అవతలున్న అస్గార్డ్, వానహైమ్ దేశాలు కట్టుకథలేమో అనుకున్నానే అంటాడు.

నాగరికులకి సరిగా తెలియని ఉత్తరం నుంచి వచ్చినవాడు, వాళ్ల బల్ల దగ్గరే కూర్చుని, వాళ్ల కలంతోనే తన ఊరిని మ్యాపులోకి ఎక్కిస్తున్నాడు. అదీ కోనన్ మొదటి రూపం.

అదే కథలో ఇంకో మాట ఉంది. రినాల్డో అనే కవి రాజుకి వ్యతిరేకంగా పాటలు కట్టి జనాన్ని రెచ్చగొడుతుంటాడు. వాణ్ని ఉరి తీయించమని స్నేహితుడు సలహా ఇస్తే కోనన్ ఒప్పుకోడు. గొప్ప కవి ఏ రాజు కన్నా గొప్పవాడు, నేను చచ్చాక నన్ను అందరూ మర్చిపోతారు, రినాల్డో పాటలు మాత్రం ఉంటాయి అంటాడు. చివరికి ఆ కవే కత్తి పట్టుకుని మీదికొస్తాడు. అప్పుడు కూడా చంపడానికి చేయి రాక కోనన్ ఆలస్యం చేసి గాయపడతాడు. కండలు తప్ప ఏమీ లేనివాడు చేసే పనా ఇది?

ఇక ఈ కథ ఎలా పుట్టిందో చూడండి. హోవార్డ్ తన స్నేహితుడు క్లార్క్ ఆష్టన్ స్మిత్‌కి రాసిన ఉత్తరంలో, కోనన్ ఒక్కసారిగా తన మనసులో పెరిగి నిలబడ్డాడని, తను పెద్దగా కష్టపడకుండానే కథలు ధారగా వచ్చాయని చెప్పుకున్నాడు. ఆ మాట మీద బోలెడు దంతకథలు అల్లారు. ఆయన అనుభూతిని నేను నమ్ముతాను. ఆయన లెక్కని నమ్మను. ఎందుకంటే కాగితాలు వేరే సంగతి చెబుతున్నాయి. అంతకుముందు ఆయనకి కల్ అనే మరో రాజు మీద కథలు ఉన్నాయి. వాటిలో ఒకటి ఏ పత్రికా తీసుకోలేదు. అందులో ఆటవికుడైన రాజు దేశపు పాత చట్టాలకి కట్టుబడి ఉండలేక, ఆ చట్టం చెక్కిన రాతిపలకని గొడ్డలితో బద్దలు కొడతాడు. 1932లో హోవార్డ్ ఆ అమ్ముడుపోని కథనే మళ్లీ ముందేసుకున్నాడు. ప్రేమకథ తీసేశాడు, మంత్రగాణ్ని, ఉంగరాన్ని, భూతాన్ని తెచ్చాడు, కుట్రనీ కవినీ ఉంచాడు, రాజుని మార్చాడు. పంపితే ఎడిటర్ ఫార్న్స్‌వర్త్ రైట్ మార్పులు అడిగాడు. మళ్లీ రాశాడు. అప్పుడు గానీ అచ్చు కాలేదు. అదే సమయంలో పంపిన మరో కోనన్ కథ తిరిగొచ్చేసింది. ప్రపంచ ఫాంటసీలో అంత పేరున్న హీరో ఒక రిజెక్ట్ అయిన కథ మరమ్మతులో పుట్టాడు. పొట్టకూటికి రాసే ప్రతివాళ్లూ ఈ సంగతి తెలుసుకోవాలని నా కోరిక.

అయితే మరమ్మతు ఒక్కటే సరిపోదు. ఆ ఏడాది ఫిబ్రవరిలో హోవార్డ్ టెక్సస్ దక్షిణపు చివర మిషన్ అనే ఊరికి వెళ్లి, అక్కడ 'సిమ్మేరియా' అనే పద్యం రాశాడు. చీకటి అడవులు, మబ్బు కమ్మిన కొండలు, ఎంత ఎక్కినా ముందు మరో కొండే. ఫ్రెడరిక్స్‌బర్గ్ పైన చలికాలపు వాన మంచులో తను చూసిన కొండల్ని గుర్తు చేసుకుని రాశానని ఆయనే చెప్పాడు. పసివాడిగా ఉన్నప్పుడు వాళ్ల కుటుంబం పాలో పింటో కౌంటీలో డార్క్ వ్యాలీ అనే చోట కూడా ఉంది. పేరులోనే చీకటి ఉంది. అంటే సిమ్మేరియా ఎక్కడో ఐరోపాలో లేదు. టెక్సస్‌లో ఉంది.

మనుషులూ అక్కడివాళ్లే. హోవార్డ్ పుట్టింది 1906 జనవరి 22న, పీస్టర్ అనే చిన్న ఊళ్లో. తండ్రి ఐజాక్ హోవార్డ్ ఊరూరా తిరిగి వైద్యం చేసే డాక్టరు. 1919లో క్రాస్ ప్లెయిన్స్‌కి వచ్చి స్థిరపడ్డారు. ఆ తర్వాతి ఏళ్లలో ఆ చుట్టుపక్కల ఆయిల్ పడింది. మా కనిగిరి వైపు మెట్టపల్లెలా ఉండే ఊళ్లోకి రాత్రికి రాత్రి డ్రిల్లర్లు, జూదగాళ్లు, దొంగసారా వాళ్లు, దళారులు వచ్చి పడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. కుర్రవాడు మందుల షాపులో సోడాలు అందించాడు, స్టెనోగ్రాఫర్‌గా చేశాడు, పత్రికలకి ఆయిల్ వార్తలు రాశాడు. జీవితం ఎంత కుళ్లిందో ఒక పిల్లాడికి త్వరగా తెలియాలంటే ఆయిల్ బూమ్‌ని మించింది లేదు, అన్న అర్థంలో తర్వాత ఒక ఉత్తరంలో రాశాడు. 1935లో స్మిత్‌కి ఇంకా స్పష్టంగా చెప్పాడు: కోనన్ తనకి తెలిసిన చాలామంది కలిసిన మనిషి. బాక్సర్లు, తుపాకీ మనుషులు, సారా రవాణా చేసేవాళ్లు, ఆయిల్ ఫీల్డ్ రౌడీలు, జూదగాళ్లు, వాళ్లతోపాటు నిజాయితీగా ఒళ్లు వంచి పనిచేసేవాళ్లు. ఈ జాబితా ఎత్తి చూపేవాళ్లు చివరి మాటని వదిలేస్తుంటారు. నాకు అదే ముఖ్యం. కోనన్ దొంగ, ఓడదొంగ, కిరాయి సైనికుడు, రాజు. ఏ పని చేసినా కూలి మాట్లాడుకుని చేసే పనివాడిలా చేస్తాడు. డబ్బు చేతిలో పడితే ఖర్చుపెట్టేస్తాడు, మళ్లీ పని వెతుక్కుంటాడు.

ఆయన ఊహించిన పాతకాలం కూడా అవసరంలోంచే వచ్చింది. హోవార్డ్‌కి చరిత్ర అంటే ప్రాణం. కానీ చారిత్రక కథ రాయాలంటే తేదీలు, రాజులు, యుద్ధాలు సరిచూసుకోవాలి. పెద్ద లైబ్రరీ దగ్గర్లో లేదు, మాటకి అర సెంటో ఒక సెంటో ఇచ్చే పత్రికలకి రాసేవాడికి అంత టైమూ లేదు. అందుకని చరిత్రకి ముందటి ఒక యుగాన్ని కల్పించి, దానికి 'హైబోరియన్ యుగం' అని పేరు పెట్టి, ఆ దేశాలెలా లేచాయో ఎలా కూలాయో తనకోసం ఒక పెద్ద వ్యాసమే రాసుకున్నాడు. ఐరోపా మ్యాపు మీద తన దేశాల హద్దులు చేత్తో గీసుకున్నాడు. మొదటి కథలో కోనన్ చేసిన పనే ఇక్కడ రచయితా చేశాడు.

ఆ మ్యాపులో మన దేశమూ ఉంది. పేరు వెంధ్యా. వింధ్యలోంచే వచ్చిన పేరు. నేను అబిడ్స్‌లో కొన్న పుస్తకంలో మొదటి కథ అక్కడ జరిగేదే, 1934లో సీరియల్‌గా వచ్చింది. అయోధ్యలో రాజు చనిపోతుంటాడు, ఆయన చెల్లెలు యాస్మినా దేవి, ఏలేవాళ్లు క్షత్రియులు, ఉత్తరాన హిమేలియన్ పర్వతాలు. హాస్టల్ మంచం మీద పడుకుని అయోధ్య అన్న మాట చూసి లేచి కూర్చున్నాను. యాస్మినా అన్న పేరుకి దేవి తగిలించడం మనకి వింతగానే ఉంటుంది. ఇండియా గురించి ఆయనకి తెలిసింది పుస్తకాల్లోంచే, అదీ ఇంగ్లీషువాళ్ల పుస్తకాల్లోంచి. కానీ ఆ కథలో కోనన్ అర్ధరాత్రి కోట గోడెక్కి గవర్నర్ గదిలోకి దూకేది నిధి కోసం కాదు. జైల్లో ఉన్న తన ఏడుగురు మనుషుల్ని విడిపించమని బేరమాడటానికి.

నన్ను అన్నిటికన్నా కదిలించింది మాత్రం వేరే కథ, 1933 మార్చిలో వచ్చింది. కుర్రవాడైన కోనన్ ఒక మాంత్రికుడి గోపురంలోకి దొంగతనానికి ఎక్కుతాడు. లోపలి గదిలో ఏనుగు తల, మనిషి ఒళ్లు ఉన్న ఆకారం కనపడుతుంది. విగ్రహం అనుకుంటాడు. వినాయకుడి పందిళ్లలో పెరిగిన నేనూ అదే అనుకున్నాను. ఇంతలో తొండం కదులుతుంది. కళ్లు కనపడవు. కాళ్లూ చేతులూ చిత్రహింసలకి విరిగిపోయి ఉన్నాయి. వేరే లోకం నుంచి వచ్చిన ఆ ప్రాణిని మాంత్రికుడు వందల ఏళ్లుగా బంధించి హింసించి, దాని విద్యలన్నీ గుంజుకున్నాడు. భయంతో బిగుసుకుపోయిన కోనన్ ముఖాన్ని, భుజాల్ని ఆ తొండం తడుముతుంది. ఆడపిల్ల చేతిలా మెత్తగా తగిలిందని రాశాడు హోవార్డ్. అప్పుడు కోనన్‌కి భయం పోతుంది, అసహ్యం పోతుంది. జాలి వస్తుంది. ఈ పాపం చేసింది తను కాకపోయినా, మనిషి జాతి మొత్తం చేసిన తప్పు తన మీద పడ్డట్టు సిగ్గుపడతాడు. నేను ఈ వాక్యం దగ్గర ప్రతిసారీ ఆగుతాను. దొంగతనానికి వచ్చిన పల్లెటూరి కుర్రవాడు, నాగరికుడైన మేధావి చేసిన క్రూరత్వానికి సిగ్గుపడుతున్నాడు. ఆటవికం గొప్పదా, నాగరికత గొప్పదా అని హోవార్డ్, తోటి రచయిత హెచ్.పి. లవ్‌క్రాఫ్ట్ ఏళ్ల తరబడి ఉత్తరాల్లో వాదించుకున్నారు. ఆ వాదనంతటికీ హోవార్డ్ తరఫున ఈ ఒక్క సన్నివేశం చాలు.

అలాగని ఆయనలో తప్పులేదని నేను చెప్పను. నల్లవాళ్ల గురించి ఆయన కొన్ని కథల్లో రాసింది చదువుతుంటే కడుపులో తిప్పుతుంది. ఉత్తరాల్లో ఇంకా ఘోరంగా ఉంటుంది. ఆ కాలం అలాంటిది అని సర్దుకోవడం నాకు చేతకాదు, ఎందుకంటే ఆ కాలంలోనే ఆయన స్నేహితురాలు, స్కూలు టీచరు నోవలిన్ ప్రైస్, ఈ విషయాల మీద ఆయనతో ముఖాముఖి పోట్లాడింది. ఏనుగు తల ప్రాణి కోసం సిగ్గుపడ్డ మనసు పక్క వీధి మనిషి కోసం సిగ్గుపడలేకపోయింది. మా అమ్మాయికి ఈ పుస్తకాలు ఇచ్చేటప్పుడు ఆ సంగతి చెప్పే ఇచ్చాను. కొన్ని కథలు ఇవ్వలేదు కూడా.

ఇక ఆ 'అమ్మకూచి' మాట. 1936 జూన్ 11 ఉదయం, తల్లి ఇక స్పృహలోకి రాదని నర్సు చెప్పాక, హోవార్డ్ బయటికి వెళ్లి కారులో కూర్చుని తుపాకీతో కాల్చుకున్నాడు. ముప్పై ఏళ్లు. మర్నాడు తల్లి పోయింది. అప్పటినుంచి అందరూ ఆయన జీవితాన్ని ఆ ఉదయం నుంచి వెనక్కి చదువుతూ వచ్చారు. 1983లో ఎల్. స్ప్రేగ్ డి క్యాంప్ అనే రచయిత, మరో ఇద్దరితో కలిసి, హోవార్డ్ జీవితచరిత్ర రాసి, తల్లి మీది మమకారమే అన్నిటికీ మూలమని మానసిక విశ్లేషణ చేశాడు. కోనన్ పేపర్‌బ్యాకుల్ని జనంలోకి తెచ్చింది కూడా ఈయనే, ఆ మేలు మర్చిపోకూడదు. కానీ ఆయన హోవార్డ్ వాక్యాల మీద చెయ్యి చేసుకున్నాడు, సగంలో ఆగిన కథల్ని తనే పూర్తిచేసి కలిపేశాడు. నా అబిడ్స్ పుస్తకంలోనూ అలాంటిది ఒకటి ఉంది. హోవార్డ్ రాసింది రాసినట్టుగా, అన్ని కథలూ వరుసగా వచ్చింది 2000 తర్వాతే.

మా అమ్మ ఏడాదిన్నర మంచం మీద ఉంది. ఉద్యోగం వదులుకుని నేను కనిగిరి దగ్గర మా ఇంట్లో ఉన్నాను. రాత్రి రెండింటికి మందు, నాలుగింటికి పక్కమార్చడం, పొద్దున్నే దుప్పట్లు ఉతకడం. ఊళ్లో ఎవరూ నన్ను జబ్బుమనిషి అనలేదు. కొడుకన్నాక చేయాలిగా అన్నారు. హోవార్డ్ ఒక్కడే కొడుకు. తండ్రి ఎప్పుడూ రోగుల కోసం తిరుగుతుండేవాడు. తల్లి హెస్టర్‌కి క్షయ, రాత్రి చెమటలు, ఆపరేషన్లు, ఊరు కాని ఊళ్లలో ఆసుపత్రులు. ఆవిడ్ని తీసుకెళ్లిందీ తెచ్చిందీ, పక్కన కూర్చుందీ ఆయన. ఆ గదుల మధ్య దూరం నేను కళ్లారా చూశాను. ఇటు దగ్గితే అటు వినపడుతుంది. అలాంటి ఇంట్లో కూర్చుని ఆయన ఇరవైకి పైగా కోనన్ కథలు పూర్తిచేశాడు, వాటిలో ఒకటి నవల. మరో పక్క బాక్సింగ్ కథలు, వెస్టర్న్ కథలు.

డబ్బు సంగతి ఎవరూ గట్టిగా చెప్పరు. 1935 మే నాటికి 'వియర్డ్ టేల్స్' ఆయనకి 800 డాలర్లకి పైగా బాకీ ఉంది, అదీ ఆర్థికమాంద్యం రోజుల్లో. తల్లి వైద్యానికి డబ్బు కావాలి, నెలకొక చెక్కు పంపినా నా బతుకు భరించగలిగేలా ఉంటుంది అని ఎడిటర్‌కి ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం చదవగలిగాను గానీ రెండోసారి చదవలేకపోయాను. ఆ వేసవిలోనే ఆఖరి కోనన్ కథ రాసి, సమయానికి డబ్బిచ్చే పత్రికల వైపు, వెస్టర్న్‌ల వైపు తిరిగిపోయాడు. ఆ ఆఖరి కథ 1936 జులై నుంచి అక్టోబర్ దాకా సీరియల్‌గా వచ్చింది. పూర్తయ్యేసరికి ఆయన లేడు. తల్లి మీద ప్రేమ ఒక్కటే ఆయన్ని చంపిందంటే నేను నమ్మను. చనిపోవాలన్న ఆలోచన ఆయనలో ఏళ్లుగా ఉంది, స్నేహితులకి తెలుసు. దానికి నిద్రలేని రాత్రులూ రాని చెక్కులూ తోడయ్యాయి. ఆయన చేసిన పనిని నేను మెచ్చుకోను, దానికి వీరత్వం అంటగట్టను. ఎవరైనా ఆ ఇంట్లో ఆయనకి వారం రోజులు నిద్ర ఇచ్చి ఉంటే బాగుండేదని మాత్రం అనిపిస్తుంది.

బయటికొచ్చే ముందు గుమ్మం పక్కన బల్ల మీద విజిటర్ల పుస్తకం ఉంది. పేరు, ఊరు. నేను ఇర్వింగ్, టెక్సస్ అని రాసి కలం కింద పెట్టాను. మా అమ్మాయి కాసేపు చూసి, "మన ఊరు కూడా రాయొచ్చు కదా నాన్నా" అంది.

కలం మళ్లీ తీసుకున్నాను. ఇర్వింగ్ పక్కన చోటు కొంచెమే ఉంది. కనిగిరి అని రాసి, దాని కింద సన్నగా మా పల్లె పేరు తెలుగులో రాశాను. అక్కడున్న పెద్దావిడ కళ్లజోడు సర్దుకుని ఆ అక్షరాల మీదికి వంగి, అది ఎక్కడుంది అని అడిగింది. మా అమ్మాయి ఫోన్ తీసి మ్యాపు పెద్దది చేసి చూపించడం మొదలుపెట్టింది.